‘టేక్ బ్యాక్’ పాఠం చెరిపిందెవరు?

క్యాసెట్లో అమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక మాట మధ్యలో మాయమైపోయింది.

కూతురు టేపురికార్డరు ఆపింది. కాస్త వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది.

“ఇవాళ్టి పాఠం టేక్ బ్యాక్,” అంది అమ్మ. గొంతులో ఎక్కడో నవ్వు దాక్కుని ఉంది. “అంటే అన్న మాట వెనక్కి తీసుకోవడం. కొన్న గొడుగు నచ్చకపోతే కొట్లో వెనక్కి ఇచ్చేసినంత తేలిక కాదండోయ్ ఇది! ఇప్పుడొక భార్యా, ఒక భర్తా పోట్లాడుకుంటారు. మీరు శ్రద్ధగా వినండి. భార్య అంటుందీ, యూ సె...”

టక్.

ఆ తర్వాత బుస్సుమంటూ ఖాళీ. కింద దుకాణంలో దర్జీ ఒక చొక్కాకి కాలరు కుట్టేసేంత ఖాళీ. మళ్లీ టక్. “...చూశారా, ఎంత...” అని అమ్మ గొంతు ఒక్క క్షణం మెరిసింది. టక్. మళ్లీ బుస్సు. ఇక అంతే, చివరిదాకా అంతే.

క్యాసెట్టు బయటికి తీసి వెలుతురులో పట్టుకుని చూసింది. టేపు తెగలేదు, ముడత పడలేదు. అట్ట మీద అమ్మ చేతిరాత చెక్కుచెదరలేదు. పైకి అన్నీ ఉన్నాయి. లోపల మనిషి లేదు.

చెవుల పరీక్ష చేయడం ఆమె ఉద్యోగం. అద్దాల గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, వినీ వినబడని చప్పుళ్లు వినిపిస్తుంది. వినబడితే బటన్ నొక్కమంటుంది. వినబడలేదన్నవాళ్లకి ధైర్యం చెప్పడం కూడా ఆమె పనే. ఇప్పుడు ఆమెకి ధైర్యం చెప్పేవాళ్లు ఆ గదిలో ఎవరూ లేరు.

అమ్మ పోయేనాటికి ఆమెకి ఇంకా బడి ఈడు రాలేదు. అమ్మ ముఖం ఫొటోల్లో ఉంది. అమ్మ గొంతు మాత్రం ఈ క్యాసెట్లలోనే ఉంది. మిగతా పాఠాలన్నీ ఆమెకి కంఠతా వచ్చు, ఎక్కడ అమ్మ ఊపిరి పీలుస్తుందో కూడా తెలుసు. వాటిల్లో అమ్మ ఎప్పుడూ వేషంలోనే ఉంటుంది. ఒకచోట గయ్యాళి ఇల్లుగలావిడ, ఒకచోట ఆఫీసుకి ఆలస్యంగా వచ్చిన టైపిస్టు, ఒకచోట చెవిటి అమ్మమ్మ. ‘టేక్ బ్యాక్’ పాఠం ఒక్కటే ఆమె వినలేదు. క్లాసులో ఎవరికీ వినిపించనూ లేదు. “అది పాడైపోయిందమ్మా,” అనేవాడు నాన్న, ఎప్పుడడిగినా.

ఇవాళ నాన్న క్లాసులు చెప్పిన ఈ గది ఖాళీ చేస్తుంటే, సుద్దముక్కల పెట్టె అడుగున, బోర్డు తుడిచే గుడ్డలో చుట్టి కనబడింది. అమ్మ తనకి ఇంకా చెప్పని మాటలు దొరికాయని ప్రాణం లేచి వచ్చింది. రేపు సాయంత్రం పాత విద్యార్థులందరూ ఆఖరిసారి ఈ గదికి వస్తున్నారు. వాళ్లకి ఇదే వినిపించాలనుకుంది. కానీ అంతకు ముందు తను వినాలనుకుంది, ఒక్కతే, తలుపు వేసుకుని.

తీరా చూస్తే ఎవరో ముందే వచ్చి పని కానిచ్చేశారు.

* * *

దర్జీ దుకాణం పైన ఈ ఒక్క గదీ ఒకప్పుడు ఊళ్లో అందరికీ తెలుసు. బోర్డు మీద ఇన్‌స్టిట్యూట్ అని పెద్ద పేరే ఉండేది కానీ జనం మాత్రం ‘మాస్టారి మేడ’ అనేవారు. పొద్దున మాస్టారు, అంటే నాన్న, బడిలో పాఠం చెప్పేవాడు. సాయంత్రం ఇక్కడ ఇంగ్లీషు. వ్యాకరణం కాదు, పుస్తకాల్లో దొరకని ఇంగ్లీషు. గివ్ అప్, గెట్ ఓవర్, రన్ అవుట్, పుల్లింగ్ యువర్ లెగ్. తెల్లవాళ్లు ఇంట్లో చెప్పులు వేసుకున్నంత మామూలుగా వాడే మాటలు.

“ఒక్కో ముక్కకీ విడివిడిగా అర్థం వెతికారో, మునిగిపోతారు,” అనేవాడు మాస్టారు. “గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి. గివ్ అప్ అంటే పైకి ఇవ్వడమా? కాదు. చేతులెత్తేయడం! మాటకి మాట కాదు బాబూ, సందర్భానికి సందర్భం.”

సందర్భం తెచ్చేది అమ్మ. ప్రతి పాఠానికీ ఒక బుల్లి నాటకం అల్లేది. మాస్టారు ఒక పాత్ర, తను ఒక పాత్ర. టేపురికార్డరు ముందు కూర్చుని పోట్లాడుకునేవారు, బేరాలాడేవారు, అబద్ధాలు చెప్పుకునేవారు. ఒక వాక్యం చెప్పి ఆగేవారు. ఆ ఆగినచోట టేపు ఖాళీగా తిరిగేది. విద్యార్థులంతా గొంతెత్తి అదే వాక్యం మళ్లీ చెప్పేవారు. మేడ మీద అంతమంది ఒక్కసారిగా “డోంట్ షో ఆఫ్!” అని అరిస్తే, కింద దర్జీ కత్తెర వదిలేసి పైకి చూసేవాడట, ఎవరు డాబు కొడుతున్నారోనని.

కిక్ ద బకెట్ పాఠం రోజు పెద్ద గొడవే జరిగింది. “మనమూ బాల్చీ తన్నేశాడు అంటాం కదండీ, మరి ముందు తన్నింది వాళ్లా, మనమా?” అని ఒక పోస్టుమాను నిలదీశాడు. మాస్టారు తల గోక్కున్నాడు. “ఎవరు తన్నితే ఏం, నీళ్లు ఒలికిపోయాయి, రాసుకోండి,” అంది అమ్మ.

ఆ మేడకి ఇంకో ఆచారం కూడా ఉండేది. నేర్చుకున్న మాటని ఎవరైనా బయట, నిజంగా అవసరం పడినచోట మొదటిసారి వాడితే, మర్నాడు వచ్చి అందరి ముందూ ఆ కథ చెప్పాలి. అప్పట్నుంచి వాళ్లకి అదే పేరు. రేడియో మెకానిక్ ఒకాయన నడిరోడ్డు మీద ఆగిపోయిన బస్సులోంచి తల బయటపెట్టి “బ్రేక్ డౌన్! బ్రేక్ డౌన్!” అని చాటింపు వేశాడు. పెళ్లై పిల్లలు పుట్టినా ఆయన ఇప్పటికీ బ్రేక్ డౌనే. బ్యాంకు గుమాస్తా ఒకతను తన పెళ్లి తప్పిపోయిన సంగతి ఇంగ్లీషులో చెప్పి, ఏడవాలో మెచ్చుకోలు అందుకోవాలో తెలియక నిలబడ్డాడు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. అతను కాల్ ఆఫ్. ఇక అమ్మ చెల్లెలు, అంటే పిన్ని, అత్తగారి ముఖం మీదే “ఐ యామ్ పుటింగ్ అప్ విత్ యూ” అనేసింది. నిన్ను భరిస్తున్నాను అని. ఇంగ్లీషు రాని అత్తగారు అదేదో పొగడ్తనుకుని కోడల్ని దగ్గరికి తీసుకుందట.

ఆ పిన్నే ఇప్పుడు ఫ్లాస్కులో టీ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

* * *

“ఏమే, ముఖం అలా పెట్టావేం? బీరువా మీద పడిందా?”

“పిన్నీ, టేక్ బ్యాక్ క్యాసెట్ దొరికింది.”

“దొరికితే సంతోషించక...”

“ఎవరో చెరిపేశారు.”

పిన్ని ఫ్లాస్కు కింద పెట్టింది. టీ పోయడం మర్చిపోయింది. పిన్ని టీ మర్చిపోవడం మామూలు విషయం కాదు.

“నన్నెందుకే అలా చూస్తావ్?”

“నువ్వు ఇదివరకు ఒక పాఠం చెరిపావని నాన్న చెప్పాడు.”

“ఆ ఒక్కటీ పట్టుకుని మీ నాన్న ఇప్పటికీ సాధిస్తాడు! అది టర్న్ డౌన్ పాఠం. రేడియోలో నాటకం ఆఖరి భాగం వస్తోంది. హంతకుడెవరో ఆ రోజే తేలాలి. ఆ టైముకి నేను మా అత్తగారి దగ్గర ఉండాలి. అందుకని ఇక్కడ రికార్డు పెట్టి వెళ్లాను. చేతికి ఏ క్యాసెట్ వస్తే అది పెట్టాను.”

“హంతకుడు తేలాడా?”

“కరెంటు పోయింది.”

కూతురికి నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. “మరి ఇది?”

“ఒట్టు. ఇది నేను కంటితో కూడా చూడలేదు. అక్క ఒక్కతే కూర్చుని రికార్డు చేసిందని మాత్రం విన్నాను. బావగారి మాటలు తర్వాత చేరుస్తానందట. ఈలోగానే...” పిన్ని కొంగు సర్దుకుంది. “నన్ను కాదు, ఆ బ్రేక్ డౌన్‌ని అడుగు. ఈ డబ్బా ఎన్నిసార్లు బాగుచేయడానికి పట్టుకెళ్లాడో! బాగుచేశాక పనిచేస్తోందో లేదో చూడాలి కదా. లోపల ఏది ఉంటే దాని మీద ‘హలో హలో’ అని ఉంటాడు.”

ఫోను చేస్తే మెకానిక్ వెంటనే వచ్చాడు. జుట్టు నెరిసింది. జేబులో స్క్రూడ్రైవరు మాత్రం అప్పటిదే. గదిలో అడుగుపెట్టగానే చెప్పులు విప్పేసి, బోర్డు ఉండే గోడ వైపు ఒకసారి చూశాడు. బోర్డు లేదు. దాన్ని మాస్టారు అప్పుడే వడ్రంగి దగ్గరికి పంపించి, తనూ వెంట వెళ్లాడు. తెల్లటి చతురస్రం ఒకటి గోడ మీద మిగిలింది.

“ఏం చెల్లెమ్మా, ఏమైంది?”

“ఏమైందో నువ్వే చెప్పాలి,” అంది పిన్ని, కూతురి కంటే ముందు. “మా అక్క గొంతు మీద హలో హలో అన్నావా లేదా?”

“అన్నది మీరేనేమో! రేడియో నాటకాల పిచ్చి ఎవరికి ఉందో ఊరంతటికీ తెలుసు.”

“చూశావా, ఎదురు తిరుగుతున్నాడు. దొంగ లక్షణం.”

“పిన్నిగారూ, నేను రిపేరుకి తీసుకెళ్తే క్యాసెట్టు తీసి మాస్టారి చేతికిచ్చి మరీ తీసుకెళ్లేవాణ్ని. నా షాపులో పరీక్షకి వేరే క్యాసెట్ ఉంది. దాని మీద మా ఆవిడ తిట్లు కూడా ఉన్నాయి, కావాలంటే వినండి.”

కూతురు ఇద్దరి మధ్యలోకి చెయ్యి అడ్డం పెట్టి, టేపు వినిపించింది. మెకానిక్ తల ఒక పక్కకి వాల్చి విన్నాడు.

“బూజమ్మా. పాత టేపులకి బూజు పడుతుంది. శుభ్రం చేస్తే వచ్చేస్తుంది.” దూది, స్పిరిటు తీసి అరగంట కుస్తీ పట్టాడు. మళ్లీ పెట్టాడు. యూ సె... టక్. అతని ముఖం వాడిపోయింది. “లేదు. నాది పొరపాటు. బూజుకి టక్ అనడం రాదు. ఇది రికార్డు బటన్ నొక్కిన చప్పుడు. ఒకసారి కాదు, చాలాసార్లు నొక్కారు.”

“పాఠం పూర్తయ్యాక క్యాసెట్ వెనకుండే ప్లాస్టిక్ చెవులు విరిచేస్తారు కదా, మళ్లీ రికార్డు కాకుండా?” అంది కూతురు.

“అమ్మగారు విరిచేసేవారు, వంటింటి చాకుతో. ఇది చూడు, చెవులు అలాగే ఉన్నాయి. మాస్టారి వంతు ఇంకా మిగిలే ఉంది కదా, అందుకని వదిలి ఉంటారు.” మెకానిక్ క్యాసెట్‌ని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఉన్నట్టుండి నవ్వాడు. “ఈ పాఠానికి ముందు క్లాసు నాకు బాగా గుర్తు. రన్ అవుట్ ఆఫ్ చెబుతున్నారు. మాస్టారు బోర్డు మీద ‘అయిపోవడం’ అని రాశారు. అమ్మగారు వెనక బెంచీ మీంచి లేచి, ‘ఇంట్లో పంచదార అయిపోయింది అని ఏ ఆడదీ అనదండీ, నిండుకుంది అంటుంది. ఇక్కడ ఆ మాటే రాయాలి’ అన్నారు. నిజమే అని మేమంతా గోల చేశాం. మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది. ‘నీ వంటింటి భాష వంటింట్లో పెట్టుకో. నాలుగు పాఠాలకి గొంతిచ్చినంత మాత్రాన నువ్వు టీచరువి అయిపోవు’ అన్నారు. మేం పగలబడి నవ్వాం. నాటకంలో మాటలనే అనుకున్నాం. అమ్మగారూ నవ్వారు.”

పిన్ని నవ్వలేదు. “మా అక్క ఆ వారం నాకు కూడా సరిగ్గా ముఖం చూపించలేదు,” అంది మెల్లగా.



కూతురు తన సంచీలోంచి హెడ్‌ఫోన్లు తీసింది. ఉద్యోగంలో వాడే మంచి హెడ్‌ఫోన్లు. టేపురికార్డరుకి తగిలించి, శబ్దం పూర్తిగా పెంచి, కళ్లు మూసుకుంది. అమ్మ మాటల కోసం కాదు. ఖాళీ కోసం. రోజూ తన ముందు కూర్చునేవాళ్లతో ఆమె అనే మాటే ఇప్పుడు తనకి తను చెప్పుకుంది. ఏమీ లేదని తొందరపడి చెప్పకండి, ఇంకాస్త వినండి.

మొదటి ఖాళీలో వాన ఉంది. ఈ గది రేకు చూరు మీద పడే వానే. చినుకులు కిటికీ వైపు గట్టిగా, తలుపు వైపు మెత్తగా పడుతున్నాయి. రెండో ఖాళీలో వాన లేదు. ఫ్యాను తిరుగుతోంది, రెక్క ఒకటి గీసుకుంటూ. ఆ ఫ్యాను మార్చేసి చాలా ఏళ్లయింది. మూడో దాంట్లో కింద దర్జీ మిషను ఉంది. అయితే అది కరెంటు మిషను చప్పుడు. కరెంటు మిషను దర్జీ కొడుకు పెళ్లయ్యాక వచ్చింది. అంటే ఒకే రోజు జరిగిన పని కాదు. ఒకే ఏడాది జరిగిందీ కాదు. ఎవరో ఈ గదిలోనే, ఏళ్ల తరబడి, మళ్లీ మళ్లీ వచ్చి, ఈ టేపురికార్డరు ముందే కూర్చుని, రికార్డు నొక్కి, ఏమీ మాట్లాడకుండా ఉండిపోయారు.

“పిన్నీ, నువ్వు కాదు,” అంది కళ్లు తెరవకుండా.

“నేను చెప్పలేదూ! ఎలా తెలిసింది?”

“ఇంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం నీ వల్ల కాదు.”

మెకానిక్ మీసాల చాటున నవ్వుకున్నాడు. పిన్ని అతని వైపు ఒక చూపు విసిరింది. కూతురు చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపింది. ఖాళీల్లో ఇంకేదో ఉంది. ప్రతిదాంట్లో ఉంది, మొదట్లోనే, టక్ అన్న వెంటనే. బుస్సు కింద అణిగిపోయింది. వెనక్కి తిప్పింది. విన్నది. మళ్లీ వెనక్కి తిప్పింది.

గొంతు సవరించుకోవడం.

రెండు చిన్న దగ్గులు, తర్వాత ఒక దీర్ఘమైన ‘ఊఁ’. ప్రతి పాఠానికీ ముందు ఊళ్లో సగం మంది విన్న సవరింపు. ఆమెకి జ్వరం వచ్చినప్పుడు గుమ్మం దగ్గర, పరీక్ష తప్పినప్పుడు తలుపవతల, అత్తారింటికి వెళ్తుంటే బండి పక్కన వినబడిన సవరింపు. మాట రానప్పుడల్లా మాట బదులు వచ్చేది అదే.

హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఎవరని వాళ్లిద్దరూ అడగలేదు. ఆమె ముఖం చూశాక అడగాల్సిన పని లేకపోయింది. మెకానిక్ గబగబా చెప్పులు వెతుక్కున్నాడు.

“ఉండన్నా,” అంది ఆమె. “ఎక్కడికీ వెళ్లకు.”

మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. ఆగుతూ ఆగుతూ ఎక్కే అడుగులు.

* * *

మాస్టారు భుజం మీద రంపపు పొట్టు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. “బోర్డు పలకలు ఇంకా గట్టిగానే ఉన్నాయట. అలమరకి పనికొస్తాయన్నాడు వడ్రంగి. ఏరా బ్రేక్ డౌన్, ఎప్పుడొచ్చావ్? టీ ఏదమ్మా, నీ ఫ్లాస్కులో...”

అప్పుడు చూశాడు. బల్ల మీద క్యాసెట్టు, దాని పక్కన విప్పిన గుడ్డ.

“పాడైపోయిందన్నావ్ నాన్నా.”

ఆయన చెయ్యి గుడ్డ వైపు వెళ్లి, వెనక్కి వచ్చింది.

“రేపు వీళ్లందరికీ వినిపిద్దామనుకున్నాను. వీళ్ల సంగతి వదిలెయ్. నాకు అమ్మ గొంతు కొత్తగా వినాలనిపించింది నాన్నా, ఒక్కసారి. వేషం వేయని గొంతు. నాకున్నది ఇదొక్కటే. ఇందులో నీ దగ్గు తప్ప ఏమీ లేదు.”

“బావగారూ, కూర్చోండి ముందు,” అంది పిన్ని. ఆయన కూర్చోలేదు. పిన్ని కుర్చీ జరిపింది. ఆయన కుర్చీ వీపు మాత్రం పట్టుకుని నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. రెండు దగ్గులు, ఒక ఊఁ. ఆ చప్పుడు తన చెవికే వినబడిందేమో, సిగ్గుపడ్డట్టు ఆగిపోయాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. ఈసారి ఆగలేదు.

“నేనే అమ్మా. మీ పిన్నిని ఏమీ అనకు, వీడినీ అనకు. నేనే.

“ఆ రోజు క్లాసులో నేనన్న మాట వీడు చెప్పే ఉంటాడు. వీడికి నవ్వొచ్చింది. అందరూ నవ్వారని మీ అమ్మ కూడా నవ్వింది. ఇంటికొచ్చాక మాట్లాడ్డం మానేసింది. కోపం కూడా చూపించలేదు. చూపిస్తే బాగుండేది. ఆ వారం మేం రికార్డు చేయాల్సిన పాఠం టేక్ బ్యాక్ కాదు. తనే మార్చింది. నేను బడికి వెళ్లినప్పుడు ఒక్కతే కూర్చుని, తన మాటలు తను చెప్పి, నా మాటలకి చోటు వదిలి, క్యాసెట్ తెచ్చి నా కళ్లజోడు పక్కన పెట్టింది. ఎందుకు పెట్టిందో నాకు తెలియదా? తెలుసు. రేపు చూద్దాంలే అనుకున్నాను. మొగుణ్ని కదా, పైగా మాస్టార్ని. నేనెందుకు తగ్గాలి అనుకున్నాను. ఆ రేపటికే జ్వరం అంది. తర్వాత ఆస్పత్రి. అక్కడ నన్ను చూసి మాట్లాడింది కూడా, కిరాయి కట్టారా, పిల్ల తిన్నదా అని. ఆ మాట మాత్రం తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

“అన్నీ అయిపోయాక ఒకరోజు ఇక్కడికొచ్చి విన్నాను. తను అంటుంది, యూ సెడ్ సంథింగ్ దట్ హర్ట్ మీ, ప్లీజ్ టేక్ ఇట్ బ్యాక్ అని. అని ఆగుతుంది. నేను అనాల్సింది, ఐ టేక్ ఇట్ బ్యాక్. అంతే. ఎంతమందికి నేర్పాను ఆ ముక్క! ప్లే, రికార్డు రెండు బటన్లూ కలిపి నొక్కాను. నోరు పెగల్లేదు. ఇంగ్లీషులో అంటే పాఠం ఒప్పజెప్పినట్టు ఉంటుందనిపించింది. పోనీ తెలుగులో అందామంటే, తెలుగులో నేను మీ అమ్మకి ఎప్పుడూ అలాంటి మాట చెప్పి ఎరగను. ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. టేపు తిరుగుతోందన్న ధ్యాసే లేదు. తేరుకుని ఆపేసరికి తన తర్వాతి మాటలు కూడా పోయాయి.

“బుద్ధున్నవాడైతే అక్కడితో మానుకుంటాడు. నేను మానలేదు. మరుసటి ఏడు వానాకాలంలో వచ్చాను. ఈసారి చెప్పేస్తాను అనుకున్నాను. మళ్లీ అదే. నీ పెళ్లి కుదిరినప్పుడు వచ్చాను, కనీసం ఆ కబురైనా చెబుదామని. అదీ చెప్పలేకపోయాను. ఒక్కోసారి కొంచెం ముందుగా నొక్కేవాణ్ని, కాస్త సమయం దొరుకుతుందని, ఒక్కోసారి తను నాకు వదిలిన తర్వాతి చోట్ల. వచ్చినప్పుడల్లా తను ఇంకొంచెం తగ్గిపోయేది.

“ఇంకోటుంది. అది నువ్వు అడగలేదు, నీకు తెలియదు కాబట్టి. తను నాకు వదిలిన ఆ చోటు ఖాళీ కాదమ్మా. నువ్వున్నావు అందులో. ఆ మధ్యాహ్నం నువ్వు ఈ గదిలోనే ఉన్నావు, ఏదో బొమ్మ లాగుతూ. చక్రాలు గీసుకుంటున్న చప్పుడు వినబడేది. తను ప్లీజ్ టేక్ ఇట్ బ్యాక్ అని ఆగగానే, నువ్వు ‘ఐ తేక్ ఇత్ బాక్కమ్మా’ అన్నావు. ఎంత గట్టిగా అన్నావంటే టేపు చిటపటలాడింది. మీ అమ్మ నవ్వింది. నాటకంలో నవ్వు కాదు. ఊపిరాడకుండా, ముక్కుతో చప్పుడు చేస్తూ, నాకూ నీకూ తప్ప ఎవరికీ వినిపించని నవ్వు. ‘మీ నాన్న మాట నువ్వు చెప్పేస్తే ఎలాగే, మీ నాన్నేం చెబుతాడు పాపం’ అంది. కావాలంటే ఆపి, మళ్లీ మొదట్నుంచి చేసుకోవచ్చు తను. ప్రతి పాఠానికీ అలాగే చేసేది, చిన్న దగ్గు వచ్చినా సరే. దీన్ని మాత్రం అలాగే ఉంచేసింది. ఉంచి నాకిచ్చింది.

“నాకది నచ్చలేదు. నేను చెప్పాల్సిన చోట నువ్వు చెప్పేశావు. అక్కడ నా గొంతే ఉండాలనుకున్నాను. సరిగ్గా అక్కడే పెట్టి నొక్కాను. నొక్కితే నువ్వు పోతావని తెలుసు. నేను చెబుతానుగా, పోతే పోనీ అనుకున్నాను. ముందు పోయింది నీ గొంతు. ఆ తర్వాత తన నవ్వు. నువ్వు పెద్దదానివై, అమ్మ నవ్వు ఎలా ఉండేది నాన్నా అని అడిగినప్పుడు, పాడైపోయిందమ్మా అని చెప్పింది దీని గురించే. పాడవలేదు. నేను చెరిపాను. తెలిసే చెరిపాను.”